వరద కబురు రాకముందే సంచి సర్దుకోండి

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వచ్చాయి. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 5.69 లక్షలకే. కొల్లిపర, కొల్లూరు మండలాల లంక ఊళ్లను నీళ్లు చుట్టేశాయి. అలాంటి పూట బీరువా తెరిచి కాగితాలు వెతుక్కునే టైముండదు.

కాబట్టి ముందు కాగితాలు. బట్టలు మళ్లీ కొనుక్కోవచ్చు, కాగితం పోతే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం, కౌలుకు చేస్తుంటే కౌలు కార్డు, ఈ-క్రాప్ రసీదు పెట్టండి. మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంటే ఆ బాండు మర్చిపోవద్దు. అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఫొటోలు తీసి వేరే ఊళ్లో ఉన్న పిల్లలకు వాట్సాప్ చేయండి.

బీపీ, షుగర్ మాత్రలు వారానికి సరిపడా, డాక్టరు చీటీతో సహా. తాగునీళ్లు, అటుకులు, టార్చి, పవర్ బ్యాంకు, కొంచెం చిల్లర, పసిపిల్లలుంటే పాలపొడి. ఎరువుల సంచి ఎంత కడిగినా తిండికీ మందులకీ వాడొద్దు.

సంచిని అటకెక్కించకుండా వాకిలి దగ్గర మేకుకు తగిలించండి. వరదలు తగ్గాక కూడా తీసేయొద్దు: 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. నెలకోసారి మాత్రల తేదీలు చూడండి.

కదలమన్నప్పుడు మెయిన్ ఆపేయండి, పశువుల పలుపులు విప్పేయండి. కల్లంలో మిర్చి ఉందని ఒక్కరు కూడా వెనక ఆగొద్దు. సాయానికి 112 లేదా 1070కి ఫోన్ చేయండి.