మీకు తెలుసా? మాటలాడలేని బిడ్డ నొప్పికిని కొలత గలదు

మస్తిష్క పక్షవాతము వంటి వ్యాధులచే మాటలాడలేని బిడ్డ, ‘ఇచ్చట నొచ్చుచున్నది’ అని చెప్పజాలనంత మాత్రమున నొప్పియే లేదని తలచుట ఘోరమైన అన్యాయము. అందులకే, 1997లో అమెరికాలో వెలువడిన ‘ఫ్లాక్’ అను కొలమానమును 2006లో ఇట్టి పిల్లలకు అనుగుణముగా సవరించిరి. ముఖము, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదార్పునకు లొంగుట అను అయిదింటికిని 0 నుండి 2 వరకు అంకెలు వేసి, మొత్తమును 10కి లెక్కింతురు.

ఇందలి విశేషమేమనగా, నొప్పి కలిగినపుడు తమ బిడ్డ ఏమి చేయునో తల్లిదండ్రులు చెప్పిన ప్రత్యేక లక్షణములకును అందు స్థానము గలదు. ఏలయన ఒక బిడ్డ మేను బిగించును, ఒక బిడ్డ ఊపిరి బిగబట్టును, వేరొక బిడ్డ ఏడ్వక నవ్వును, మరియొక బిడ్డ కదలక మెదలక మిన్నకుండును. ఈ చివరి మౌనమునే శాంతమని భ్రమించుట కద్దు! కావున తల్లులారా, మీరెరిగిన ఆ గురుతులను కాగితముపై వ్రాసి, చికిత్సకు ముందే వైద్యుని చేతికిండు.