మా వాడికి పాలు పడవు

మా సఖినేటిపల్లిలో పెద్దవాళ్లింటికొస్తే కాఫీ, పిల్లలొస్తే పాలగ్లాసు. ఆ గ్లాసు వద్దన్నప్పుడల్లా "పాలు తాగని పిల్లవాడుంటాడటండీ మాస్టారూ?" అని అడుగుతారు. ఆరేళ్లుగా జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను.

మా వాడికి ఏడాది నిండకముందే, మొదటిసారి గేదెపాలు పట్టగానే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పాలు అరగకపోవడం వేరు, ఇది వేరన్నారు డాక్టరుగారు. పాలలోని మాంసకృత్తులను శత్రువులనుకుని ఒళ్లే తిరగబడుతుందట. మేకపాలు పట్టినా అదే ప్రమాదమట!

కిందటేడు ఒక పెళ్లిలో పెద్దావిడొకరు "చిటికెడు కోవాకి ఏమవుతుందిరా నాన్నా" అని ముద్దుగా నోట్లో పెట్టారు. నిమిషాల్లో పెదవులు వాచి, ఊపిరి ఈలవేసింది. ఆస్పత్రి నరసాపురంలో, మధ్యన వశిష్ఠ. పంటుమీద వాణ్ణి ఒళ్లో పెట్టుకు కూర్చుంటే, రోజూ దాటే గోదావరికి అవతలి ఒడ్డే లేదనిపించింది. అక్కడ ఎడ్రినలిన్ సూది వేశాక కాసేపటికి "నాన్నా" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట పాయసం కొబ్బరిపాలతోనే. కోనసీమలో కొబ్బరికి కరువా! ఎముకల బలానికి రాగిజావ, నువ్వులుండలు. పాలు కలిస్తే ఆ సంగతి పొట్లంమీద అచ్చువేయాలని 2020 నాటి నిబంధన. అది చదవందే బిస్కెట్టయినా విప్పం.

మొన్న అంతర్వేదిలో ఎవరో పెరుగన్నం పెట్టబోతే, వాడే చేతులు జోడించి "నాకు పడదండీ, నాన్నకి పెట్టండి" అన్నాడు.

కోవా పెట్టిన ఆవిడదీ ప్రేమే. అయితే పెట్టేముందు ఒక్కమాట, "పెట్టవచ్చునా?" అని అడగండి. అంతే చాలు.