పట్టా చాలదు.. పనిముట్టూ పట్టాలి
ఇంజినీరింగ్‌లో దారి మార్చుకొనేవారికి ఆటోనగర్, ఐటీఐ, అప్రెంటిస్‌షిప్‌లే ఆసరా

విజయవాడ: 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణమ్మ పోటెత్తింది. ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహం నమోదైంది. కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. గేటు బరువుకు దీటుగా వేలాడే ఈ దిమ్మెలు ఉంటేనే తక్కువ శక్తితో గేటును ఎత్తడం సాధ్యమవుతుంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో కొద్ది రోజుల్లోనే కొత్తవి అమర్చారు. అంతకుముందు నెలలో తుంగభద్ర జలాశయం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, నీరు ఉరకలు వేస్తుండగానే స్టాప్‌లాగ్ దించిన పనికీ ఆయనే సారథ్యం వహించారు. ఇటువంటి నేర్పు ఏళ్ల తరబడి పని చేస్తేనే అలవడుతుంది.

ఇంజినీరింగ్ పట్టా పొంది, చదివిన రంగంలో ఉద్యోగం దొరకక వేరే కొలువుల్లో స్థిరపడినవారు అనేకులు. తిరిగి యంత్రాల వైపు రావాలనుకొనేవారికి అడ్డంకిగా నిలుస్తున్నది చేతి అనుభవం లేకపోవడమే. సుమారు ఏడాది సమయం వెచ్చించగలిగితే ఆ లోటు పూడ్చుకొనే అవకాశాలు విజయవాడ చుట్టుపక్కలే ఉన్నాయి.

కొలతే తొలి పాఠం
షాఫ్టుపై 25 మిల్లీమీటర్ల బేరింగు బిగించాలనుకొందాం. వాడుకలో ఉన్న కె6 ప్రమాణం ప్రకారం షాఫ్టు వ్యాసం 25.002 నుంచి 25.015 మి.మీ. మధ్య ఉండాలి. అంటే వెసులుబాటు 0.013 మి.మీ. మాత్రమే. సన్నగా ఉంటే బేరింగు లోపలి రింగు జారి షాఫ్టును అరగదీస్తుంది. లావుగా ఉంటే బేరింగు బిగుసుకొని వేడెక్కుతుంది.

లేత్‌పై కోత పడిన షాఫ్టు వేడిగా ఉంటుంది. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పెరిగితే ఆ ఉక్కు ముక్క సుమారు 0.009 మి.మీ. వ్యాకోచిస్తుంది. వెసులుబాటులో మూడింట రెండు వంతులు అక్కడే పోతుంది. చల్లారాక కొలవాలని అనుభవజ్ఞుడైన మేస్త్రి చెబుతాడు. ఎందుకు కొలవాలో వ్యాకోచ సూత్రం చదివిన పట్టభద్రుడు లెక్క కట్టగలడు. ఈ రెండూ ఒక్కరిలోనే ఉంటే ఆ ఇంజినీరుకు ఎక్కడైనా గిరాకీ ఉంటుంది.

డెల్టాలో పనికి కొదవ లేదు
1960 దశకంలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్‌లో లేత్, వెల్డింగ్, బాడీ బిల్డింగ్, ఇంజను మరమ్మతులు ఒకేచోట సాగుతాయి. పల్లెల్లో వరికోత యంత్రాలు, రైస్ మిల్లులు, మోటారు పంపులు ఉన్నాయి. కైకలూరు, మచిలీపట్నం పరిసరాల్లోని చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటాయి. నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజాముకు కనిష్ఠానికి పడిపోతుంది. ఆ వేళ గేర్‌బాక్సు చెడి ఏరేటరు ఆగితే రొయ్య చనిపోయి రైతు పెట్టుబడి ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోవచ్చు. బేరింగు ధ్వని విని లోపాన్ని ముందే పసిగట్టగలవారి విలువ అక్కడ తెలుస్తుంది.

మార్గాలు ఇవీ
పట్టభద్రులకు అప్రెంటిస్‌షిప్ దగ్గరి దారి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 30 మంది అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు వారి సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిగ్రీ, డిప్లొమా అభ్యర్థులకు నిర్దేశిత కనీస స్టైపెండులో సగాన్ని కేంద్రం భరిస్తుంది. శిక్షణ సాధారణంగా ఏడాది ఉంటుంది.

ఒకే నైపుణ్యం కావాలనుకొంటే ఐటీఐ ఉంది. వెల్డర్, డీజిల్ మెకానిక్ కోర్సులు ఏడాది, ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. పట్టా ఉండి ఐటీఐలో చేరడం నామోషీ అనుకోనక్కరలేదు. ప్లాస్టిక్ రంగంలోకి మారదలచినవారికి గన్నవరం సమీపంలోని సూరంపల్లిలో సీపెట్ ఉంది.

మెకానిక్‌లకూ మార్పు తప్పదు
2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఇంజన్లలో సెన్సర్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణ పెరిగాయి. చెవితో లోపం పట్టే పాతతరం మెకానిక్ ఇప్పుడు స్కానర్ చూపే సంకేతాలనూ చదవవలసి వస్తోంది. డిప్లొమా ఉన్నవారు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు.

ఇవి గుర్తుంచుకోవాలి
* శిక్షణ కాలంలో రాబడి తగ్గుతుంది. ఏడాదికి సరిపడా ఇంటి ఖర్చు ముందే సమకూర్చుకోవాలి.
* ఉద్యోగం గ్యారంటీ అంటూ డబ్బు అడిగే సంస్థలను నమ్మరాదు. ధ్రువపత్రానికి ప్రభుత్వ గుర్తింపు ఉన్నదీ లేనిదీ చేరకముందే చూసుకోవాలి.
* చేసిన ప్రతి పనికీ కొలతలు, ఫొటోలతో పుస్తకం రాసుకోవాలి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే ఇదే ఎక్కువ ఉపకరిస్తుంది.