సబ్బు నురగని కుళాయి నీరు

వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో బోరునీరు వాడుకొను ఇండ్లయందు ఇల్లాండ్రు చెప్పుకొను కష్టములు దాదాపు ఒక్కటే. కందిపప్పు ఎంతసేపు ఉడికించినను పలుకు మిగులును. బట్టలకు సబ్బు రుద్దినకొలది నురుగుకు బదులు తెల్లని తెట్టు తేలును. నీళ్లు కాచు కాగు లోపల పెచ్చు కట్టును. ఇట్టి నీటిని మనము ఉప్పునీరని త్రోసివేయుదుము. కాని ఇందులోని దోషము తినే ఉప్పు ఒక్కటే కాదు. కాల్షియము, మెగ్నీషియము లవణములు ఎక్కువగా కరిగియున్న నీటిని కఠిన జలము అందురు.

వానచినుకు నేలపై పడునప్పుడు మెత్తని నీరే. అది మట్టిలో దిగుచు, వేళ్లు విడుచు బొగ్గుపులుసు గాలిని కలుపుకొని కొంచెము పులుసుదనము పొందును. ఆ నీరు రాతి పగుళ్లలో చాలకాలము నిలిచి రాతిని కొద్దికొద్దిగా కరిగించుకొనును. మన నేల క్రిందనున్న రాళ్లు నెల్లూరు షిస్టు మేఖలకు చెందినవి. అందులో ఒక భాగమునకు భూగర్భ శాస్త్రజ్ఞులు వింజమూరు పేరే పెట్టినారు. ఈ భాగములోని నల్లని ఆంఫిబొలైటు రాళ్లలో కాల్షియము, మెగ్నీషియము విశేషముగా నున్నవి. కనుక ఊరి కుళాయికి వచ్చునది లోతు బోరునీరైనచో, గొట్టము మార్చినను, ట్యాంకు కడిగినను కాఠిన్యము తగ్గదు.

కాఠిన్యము రెండు విధములు. బైకార్బనేటుల వలన కలుగునది తాత్కాలికము. నీటిని పది నిమిషములు తెర్లగాచి చల్లార్చినచో ఇది సున్నపు పొడివలె అడుగున దిగును. సల్ఫేటులు, క్లోరైడుల వలన కలుగునది శాశ్వతము. అది కాచినను పోదు. మీ ఇంటి నీరు ఏ విధమైనదో మీరే చూచుకొనవచ్చును. ఒకే కొలత గల మూడు సీసాలలో ఒకదానియందు వాననీరు, ఒకదానియందు కుళాయి నీరు, మూడవదానియందు కాచి తేర్చిన కుళాయి నీరు సమముగా పోసి, సబ్బునీటిని చుక్కచుక్కగా వేయుచు కుదుపవలెను. నురుగు నిలుచుటకు ఎన్ని చుక్కలు పట్టినదో లెక్కింపుడు. కాచిన నీటికి చుక్కలు బాగుగా తగ్గినచో మీది చాలవరకు తాత్కాలిక కాఠిన్యము.

ఇక ఖర్చు మాట. త్రాగునీటిలో కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములకు మించరాదనియు, వేరు ఆధారము లేనిచోట 600 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారత ప్రమాణము చెప్పుచున్నది. మీ నీటిలో 400 ఉన్నదనుకొందము. 15 లీటర్ల బిందెలో 6 గ్రాముల కాఠిన్యమున్నట్లు. ఒక్క గ్రాము కాఠిన్యము సుమారు 6 గ్రాముల సబ్బును విరిచి తెట్టుగా మార్చును. అనగా బిందెకు 36 గ్రాముల సబ్బు, వంద గ్రాముల బిళ్లలో మూడవవంతుకు పైగా, మురికిని ముట్టకుండనే పోవును! ఆ తెట్టే బట్టకు పట్టి తెలుపును మాపును. ముందుగా బిందెడు నీటికి పొడి చాకలి సోడా 7 గ్రాములు (పలుకు సోడా అయినచో 17 గ్రాములు) వేసి కలిపి, అరగంట తేర్చి వాడినచో సబ్బు మిగులును. డిటర్జెంటు పొడులు సబ్బువలె విరుగవు. మన కుంకుడుకాయ రసమునకు కూడ ఈ లవణములతో పేచీ లేదు. తలంటుకు ఈ నీటిలో సబ్బుకంటె కుంకుడుకాయయే మేలు.

పప్పు ఉడుకకపోవుటకు కారణము, గింజలోని కణములను అంటిపెట్టుకొనియుండు పెక్టిన్ అను పదార్థమును కాల్షియము మరింత బిగించుట. వంటసోడా వేసిన పప్పు మెత్తపడును గాని అందలి బి విటమిను నశించును. కాచి తేర్చిన నీటిలో గాని, వాననీటిలో గాని నానబెట్టి వండుట మంచిది. చింతపండు రసము పప్పు మెదిగిన పిమ్మటనే పోయవలెను. మనకు ఈశాన్య ఋతుపవనపు వానలున్నవి. తొలి జల్లును వదలి, పిమ్మట కప్పుపై పడిన నీటిని మూతగల తొట్టిలో పట్టుకొన్న ఇంటికి వంటనీరు కొన్ని వారములు గడచును. పటిక, చిల్లగింజ నీటిలోని బురదను దింపును గాని కాఠిన్యమును తీయవు.

కఠిన జలము త్రాగుట వలన మూత్రపిండములలో రాళ్లు వచ్చునని చాలమంది భయపడుదురు. దీనికి గట్టి ఋజువు లేదు. ఎండలో పని చేయుచు నీరు తక్కువ త్రాగుటయే రాళ్లకు పెద్ద కారణము. భయపడవలసినది వేరొకటి కలదు. అది ఫ్లోరైడు. దీనికి రంగు లేదు, రుచి లేదు, సబ్బు పరీక్షకు చిక్కదు. 1930 ప్రాంతములలో అప్పటి నెల్లూరు జిల్లాలో దుక్కిటెద్దులు కీళ్లు బిగిసి నడువలేకపోవుటను మొదట కనిపెట్టినవారు రైతులే. కొలది యేండ్లకు మనుష్యులలోను అదే బాధ కానవచ్చినది. త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి మూలమని 1937లో షార్ట్ మొదలగు వైద్యులు ప్రకటించిరి.

ఇచ్చట ఒక మాట శ్రద్ధగా వినవలెను. సున్నము ఎక్కువగా నున్న నీటిలో ఫ్లోరైడు కాల్షియముతో కూడి కొంత విడిపోవును. సున్నము తక్కువై సోడియము బైకార్బనేటు ఎక్కువైన నీటిలో అది కరిగియే నిలుచును. అట్టి నీరు మెత్తగా నుండును, సబ్బు చక్కగా నురుగును, పప్పు ఉడుకును. కావున కుళాయి నీరు మానుకొని, సబ్బు నురుగు చూచి వేరొక బోరును "మంచినీళ్ల బోరు" అని ఎంచుకొనుట మోసమునకు దారి. కఠిన జలములో ఫ్లోరైడు ఉండదని కూడ అనుకొనరాదు. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో ఆ నీరు పిల్లలకు అసలే ఇవ్వరాదు. కాచిన అది పోదు, నీరు ఇగిరిన మేర చిక్కబడును. ఉప్పు వేసి నడుపు మెత్తబరచు యంత్రములు కాఠిన్యమునే తీయును, ఫ్లోరైడును తీయవు. ఆర్.ఓ. యంత్రము రెండింటిని తగ్గించును.

చేను విషయములో లెక్క తారుమారగును. వంటింటికి చెడ్డదైన కాల్షియపు నీరు నేలకు అంత కీడు చేయదు. సోడియము ఎక్కువైన మెత్తని నీరే నేలను బిగదీసి చవుడు చేయును. మెత్తబరచు యంత్రము నుండి గాని, చాకలి సోడా వేసిన తొట్టి నుండి గాని వచ్చు నీటిని నిమ్మపాదులకు మళ్లింపకుడు. వేపనూనెను సబ్బుతో కలిపి చల్లువారు కఠిన జలము వాడినచో సబ్బు విరిగి నూనె పైకి తేలును. వాననీరు వాడవలెను.

త్రాగునీటి పరీక్షకు శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, కుళాయిని కొన్ని నిమిషములు వదలిన పిమ్మట నిండుగా పట్టవలెను. గాజు సీసా ఫ్లోరైడు పరీక్షకు తగదు. బోరు లోతు, ఊరు, తేది వ్రాసిన చీటి అంటించి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపుడు. కాఠిన్యముతోపాటు ఫ్లోరైడు కూడ చూడవలెనని చీటిలో స్పష్టముగా వ్రాయుడు. పశువులు వేరు బావి నీరు త్రాగుచున్నచో ఆ నీటికి రెండవ సీసా పట్టవలెను. వేసవిలో నీటిమట్టము దిగినప్పుడు ఒకమారు, వానల తరువాత ఒకమారు పరీక్ష చేయించుడు.