ఎలక్ట్రానిక్ చెల్లింపులు - నమ్మకం: గుంటూరు, ప్రకాశం మిర్చి, పత్తి రైతుల సందర్భం

1. ప్రవేశిక

ఎలక్ట్రానిక్ చెల్లింపుల వ్యాప్తిని గురించిన చర్చల్లో ఫోను, నెట్‌వర్కు, అక్షరాస్యత అనే మూడింటికే తరచుగా ప్రాధాన్యం లభిస్తున్నది. ఇవి అవసరమే గాని చాలవు. టీకొట్టులో పది రూపాయలను ఫోనుతో చెల్లించే రైతే, ఏడాది పంట సొమ్ము దగ్గరికి వచ్చేసరికి సందేహిస్తాడు. ఈ సందేహానికి మూలం నమ్మకంలో ఉంది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి విక్రయాల ఆధారంగా ఆ నమ్మకం స్వరూపాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సైద్ధాంతిక నేపథ్యం

ఒక సాంకేతికత ఉపయోగకరమనీ, వాడటం సులువనీ భావించినప్పుడు మనిషి దానిని స్వీకరిస్తాడని ఫ్రెడ్ డేవిస్ 1989లో ప్రతిపాదించారు. ఈ నమూనాలో నమ్మకానికి ప్రత్యేక స్థానం లేదు. 1995లో రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ షూర్మన్ నమ్మకాన్ని విడిగా పరిశీలించారు. నష్టపోయే అవకాశం ఉందని తెలిసీ ఎదుటివారిపై ఆధారపడటానికి సిద్ధపడటమే నమ్మకమని వారి భావన. ఎదుటివారి సామర్థ్యం, హితబుద్ధి, నిజాయితీ అనే మూడు గుణాలపై అది నిలుస్తుంది.

3. మిర్చి యార్డు: ఒకే పద్దులో మూడు వ్యవహారాలు

గుంటూరు మిర్చి యార్డుకు రైతు తెచ్చిన టిక్కీలు కమీషన్ ఏజెంటు ద్వారా అమ్ముడవుతాయి. పలువురు రైతులకు సాగు పెట్టుబడికి అప్పు ఇచ్చినవాడూ ఆ ఏజెంటే. అమ్మకపు సొమ్ములో అప్పు, వడ్డీ, ఖర్చులు మినహాయించి మిగిలినది రైతుకు ఇస్తాడు. అప్పు, అమ్మకం, చెల్లింపు ఒకే పద్దులో ఇమిడిపోవడంతో రైతు బేరమాడే శక్తి తగ్గుతుంది. అయినా లెక్క తేడా వస్తే వెళ్ళి అడగడానికి ఒక కొట్టు, ఒక మనిషి ఉంటారు. ఏజెంటు హితబుద్ధి నిస్స్వార్థమైనది కాదు; వచ్చే ఏడూ సరకు తన కొట్టుకే రావాలన్న లెక్క అందులో ఉంది. ఆ లెక్కే రైతుకు హామీ.

2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ వ్యవసాయ విపణి (ఈ-నామ్) ఆన్‌లైన్ వేలాన్ని, ఖాతాకు నేరుగా చెల్లింపును లక్ష్యంగా పెట్టుకున్నది. చెల్లింపు మార్గం మారినంత మాత్రాన అప్పు మార్గం మారదు. విత్తనం నాటికి పెట్టుబడి ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబు దొరకనంతకాలం రైతు పాత పద్దును వదులుకోలేడు.

4. పత్తి కొనుగోలు: ఖాతా ఎవరిది?

భారత పత్తి సంస్థ (సీసీఐ) మద్దతు ధరకు కొన్న పత్తి సొమ్మును రైతు బ్యాంకు ఖాతాకు జమచేస్తుంది. 2024-25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ధర, తేమ ప్రమాణాలు ముందే ప్రకటితమై ఉండటం నిజాయితీకి ఆధారం. కాని ఖాతా చెల్లింపు ఖాతాదారునే గుర్తిస్తుంది. పత్రం లేని కౌలు రైతు భూయజమాని పేరిట అమ్మితే సొమ్ము యజమాని ఖాతాకు చేరుతుంది. బకాయి ఉన్నవారికి బ్యాంకు ఆ సొమ్మును అప్పు కింద జమకట్టుకుంటుందేమోనన్న భయమూ ఉంటుంది. ఈ జంకును అజ్ఞానమనడం సరికాదు. అది తమ స్థితిని ఎరిగినవారి జాగ్రత్త.

5. తప్పు జరిగినప్పుడు

2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్ల రద్దు ప్రకటన వెలువడింది. ఆ తరువాతి నగదు కొరత ఎలక్ట్రానిక్ చెల్లింపులను అలవాటు చేసింది. అవసరం అలవాటును కలిగించగలదు. నమ్మకానికి వేరే ఆధారం కావాలి. యూపీఐ బదిలీలో సొమ్ము ఒక ఖాతాలో తగ్గి అవతలి ఖాతాకు చేరకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి జమచేయాలనీ, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఈ హక్కు తెలియని రైతుకు అది లేనట్టే. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా ఊరూరా ఏజెంట్ల ద్వారా విస్తరించింది. సాంకేతికత వెనుక పలికే మనిషి ఉండటం దాని బలం.

6. ముగింపు

ఎలక్ట్రానిక్ వ్యవస్థ సామర్థ్యాన్ని చూపగలదు; నియమాలు నిజాయితీకి హామీ ఇవ్వగలవు. హితబుద్ధి విషయంలోనే లోటు కనిపిస్తున్నది. సకాలంలో సంస్థాగత రుణం, కౌలుదారు పేరిటే చెల్లింపు, యార్డులోనే తెలుగులో ఫిర్యాదు వినే బాధ్యుడు - ఈ మూడూ సమకూరితే ఆ లోటు తగ్గుతుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఎలక్ట్రానిక్ చెల్లింపుల స్వీకరణను అధ్యయనం చేసేవారు ఎన్ని లావాదేవీలు జరిగాయన్న ప్రశ్నతో పాటు, లెక్క తప్పితే రైతు ఎవరి దగ్గరికి వెళ్తాడన్న ప్రశ్ననూ అడగవలసి ఉన్నది.