తకిటను తక అనుకునే యంత్రం

నోయిడాలో మేముండే అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి తెలుగు కుటుంబాలన్నీ ఒకచోట చేరతాయి. కిందటేడు నిమజ్జనం రోజు సాయంత్రం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు ల్యాప్‌టాప్ పక్కన రెండు చక్రాలున్న చిన్న డీజే కంట్రోలర్ పెట్టుకుని పాటలు వేశాడు. హిందీ పాట అయిపోవస్తుండగా రెండు పాటల వేగాన్ని సమం చేసే ‘సింక్’ బటన్ నొక్కి తీన్‌మార్ పాట అందుకున్నాడు. పాట నీరసంగా, ఈడ్చుకుంటూ వచ్చింది. ఎగురుతున్న పిల్లలు ఆగి అతని వైపు చూశారు. తెర మీద మాత్రం రెండు పాటల వేగమూ 100 అనే ఉంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ముందు ఆ పెట్టె ఏం చేస్తుందో తెలియాలి. పాటల్ని కలిపేది కంట్రోలర్ కాదు, ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్. కంట్రోలర్ చేతి కదలికల్ని కబురుగా పంపుతుంది. చాలా కంట్రోలర్లు మాట్లాడే భాష మిడి. సింథసైజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1983లో వచ్చిన భాష ఇది. ప్లే బటన్ నొక్కితే మూడు అంకెలు వెళతాయి: 144, ఆ బటన్‌కు కేటాయించిన సంఖ్య, 127. వదిలితే మూడో అంకె సున్నా అవుతుంది. ఆ సంఖ్య రాగానే పాట మొదలుపెట్టాలని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే పట్టికను మ్యాపింగ్ అంటారు.

ఆ పట్టికను మనమే మార్చుకోవచ్చు. మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2000ల తొలినాళ్ల నుంచి అందరికీ అందుబాటులో ఉంది. దాని సెట్టింగుల్లో ‘లెర్నింగ్ విజార్డ్’ తెరిచి, తెర మీద కావలసిన పనిని ఎంచుకుని, కంట్రోలర్ మీద నచ్చిన బటన్ నొక్కితే చాలు, రెండూ ముడిపడతాయి. చక్రం తిప్పితే పాట గీరుకోవడం లాంటి క్లిష్టమైన పనులకు జావాస్క్రిప్ట్‌లో నాలుగు ముక్కలు రాయాలి. నోయిడా ఆఫీసుల్లో పొద్దస్తమానం అదే రాసేవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు.

వేగం మార్చే మీట దగ్గర కాస్త ఆగాలి. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 రికార్డు ప్లేయర్‌లో ఆ మీట వేగాన్ని 8 శాతం పెంచేది, లేదా 8 శాతం తగ్గించేది. నేటి కంట్రోలర్లూ అదే పద్ధతి పట్టుకున్నాయి. మామూలు మిడి కబురులో 0 నుంచి 127 దాకా 128 మెట్లే ఉంటాయి. 16 శాతం మేరను 128 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు 0.125 శాతం. నిమిషానికి 100 దెబ్బల పాటలో ఒక మెట్టు తేడా వస్తే, నాలుగు నిమిషాలకు రెండు పాటల మధ్య అర దెబ్బ ఎడం పడుతుంది. అందుకే మంచి కంట్రోలర్లు రెండు కబుర్లను జతచేసి 16,384 మెట్లు ఇస్తాయి.

రికార్డు వేగం 6 శాతం పెరిగితే శృతి కూడా దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది. సాఫ్ట్‌వేర్‌లోని ‘కీ లాక్’ ఆ ముడి విప్పుతుంది. ధ్వనిని చిన్నచిన్న తునకలుగా కోసి, అతుకు కనబడకుండా దగ్గరకో దూరానికో జరిపి పేరుస్తుంది. వేగం మారుతుంది, శృతి నిలుస్తుంది. మరీ ఎక్కువ సాగదీస్తే మాత్రం డప్పు దెబ్బ పదును పోయి మెత్తబడుతుంది.

బటన్ నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోందంటే, ల్యాప్‌టాప్ ధ్వనిని వినిపించే ముందు పోగుచేసుకునే ‘బఫర్’ పెద్దదిగా ఉందన్నమాట. సెకనుకు 44,100 నమూనాల ధ్వనిలో 512 నమూనాల బఫర్ అంటే సుమారు 11.6 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో నాలుగు మీటర్లు పోతుంది. అంటే నాలుగు మీటర్ల అవతల ఉన్న డప్పు వింటున్నట్టే. 256కు తగ్గిస్తే ఆలస్యం సగమవుతుంది. మరీ తగ్గిస్తే ల్యాప్‌టాప్ అందుకోలేక పాట చిటపటలాడుతుంది. చిటపట మొదలైన చోటికి ఒక మెట్టు పైన ఆగడమే సరైన అమరిక.

ఇక ఆ కుర్రాడి తీన్‌మార్ సంగతి. తీన్‌మార్ అంటే మూడు దెబ్బలు. నిజాం కాలంలో హైదరాబాద్‌లో స్థిరపడ్డ యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు తెచ్చిన మర్ఫా వాద్యంతో పెనవేసుకున్న పేరు అది. దాని నడక తకిట తకిట: ఆరు చిన్న దెబ్బలు, మూడేసి చొప్పున రెండు గుంపులు. అవే ఆరు దెబ్బల్ని తక తక తక అని రెండేసిగా లెక్కపెడితే మూడు గుంపులవుతాయి. వేగం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ దెబ్బల మధ్య ఎడాన్ని చూసి అంచనా వేస్తుంది, అదీ ఎక్కువగా నాలుగు దెబ్బల డాన్సు సంగీతానికి అలవాటుపడి. అందుకే అది తకిటను తక అనుకుంది. నిజంగా 90 వేగమున్న పాటకు ఒకటిన్నర రెట్లు లెక్కగట్టి 135 రాసుకుంది. సింక్ నొక్కగానే ఆ 135ను హిందీ పాట 100కు దించింది. అసలు 90 కాస్తా 67కు పడిపోయింది.

మర్నాడు ఇద్దరం కూర్చుని సరిచేశాం. మిక్స్‌లో పాట వేగాన్ని రెట్టింపు, సగం చేసే అమరికలతో పాటు మూడింట రెండు వంతులు చేసేదీ ఉంది. అది నొక్కితే 135 కాస్తా 90 అయింది. తర్వాత ‘ట్యాప్’ బటన్ మీద, కాలు నేలకు తాకే ప్రతిసారీ ఒక దెబ్బ చొప్పున పదహారు దెబ్బలు కొట్టించాను. 90 దగ్గరే తేలింది. తెర మీది గీతలు డప్పు దెబ్బల మీద సరిగ్గా కూర్చున్నాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పండగకు ముందు మన పాటలన్నిటినీ ఒక్కొక్కటే ఇలా కాలితో కొలిచి పెట్టుకోండి. యంత్రం రాసిన అంకెను నమ్మి సింక్ నొక్కకండి. రెండు చానెళ్ల కంట్రోలర్ చాలు, కానీ హెడ్‌ఫోన్‌కు విడిగా ధ్వని పంపే సౌండ్‌కార్డు అందులో ఉండాలి. రాబోయే పాటను జనానికి వినిపించకముందే మన చెవితో సరిచూసుకోవాలి కదా.

శబ్దం మాటా చెప్పాలి. మన ఊళ్లలో, ఉత్తరప్రదేశ్‌లో కూడా, డీజే అంటే మనిషి కాదు, బండి మీద పేర్చిన బాక్సులు. 2019లో అలహాబాద్ హైకోర్టు ఆ రాష్ట్రమంతటా డీజేలను నిషేధించింది, 2021లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు అలాగే ఉన్నాయి: నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది తర్వాత 45. చెవి లెక్క ఇంకా కఠినం. 85 డెసిబెళ్లను ఎనిమిది గంటలు తట్టుకునే చెవికి 100 దగ్గర పావుగంటే గడువు. ఆ పావుగంటలో బాక్సుల ముందు గెంతేది పిల్లలే.

ఈసారి నిమజ్జనానికి ఆ కుర్రాడి జాబితాలో పన్నెండు తీన్‌మార్ పాటలున్నాయి. పన్నెండింటికీ వేగం అతను కాలితో కొలిచిందే.