ముఖ పరిచయం - అక్షర పరిచయం

కన్ను చూస్తుంది, గుర్తించేది మనస్సు. ఈ రెండూ ఒకే పని అని మనం సాధారణంగా భావిస్తాం. కాని చూపు చక్కగా ఉండి కూడా, చూచినదానిని పోల్చుకోలేని స్థితి మానవునికి కలుగవచ్చునని వైద్యశాస్త్రం నిరూపించింది. బజారులో వందలాది జనం నడుమ మిత్రుని ముఖాన్ని రెప్పపాటులో గుర్తిస్తాం. అంతే వేగంతో దుకాణంపై వ్రాసిన పేరును చదువుతాం. పైకి ఒకే విధంగా కనిపించే ఈ రెండు శక్తులలో మొదటిదానికి పునాది జన్మతోనే పడుతుంది. రెండవది చదువుతో మాత్రమే వస్తుంది. ఈ భేదాన్ని గ్రహించడం విద్యార్థులకే గాక, విద్య నేర్పేవారికీ, విద్యాలయాలను నడిపేవారికీ అవసరం.

మొదట ముఖం సంగతి చూద్దాం. పుట్టి కొద్ది సమయమే అయిన శిశువు సైతం కన్నులు, ముక్కు, నోరు తమ స్థానాలలో ఉన్న బొమ్మవైపు చూపు త్రిప్పుతుందనీ, ఆ గుర్తులనే చిందరవందరగా అమరిస్తే అంత ఆసక్తి చూపదనీ 1975లో ప్రకటించిన పరిశీలన తెలిపింది. ముఖాన్ని మనం ముక్కలు ముక్కలుగా కాక, ఒక్కమారుగా చూస్తాం. కన్నుల నడుమ ఎడం, ముక్కుకూ నోటికీ ఉన్న దూరం, ఇవన్నీ కలిసిన పొందికయే మనకు ‘ఫలానావాడు’ అని చెబుతుంది. అందుకే మిత్రుడు గడ్డం పెంచినా, కళ్ళజోడు పెట్టినా గుర్తుపడతాం. అదే ముఖం ఛాయాచిత్రాన్ని తలక్రిందులుగా పట్టుకొంటే తడబడతాం. ఇళ్ళు, విమానాల బొమ్మలు తలక్రిందులైనప్పుడు కలిగే కష్టంకంటె ముఖాల విషయంలో కలిగే కష్టం చాల అధికమని 1969లో రాబర్ట్ యిన్ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు.

ఈ పనికి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉన్నది. 1947లో యోఆఖిమ్ బోడమర్ అనే జర్మన్ వైద్యుడు, తలకు గాయమై ముఖాలను గుర్తించే శక్తిని కోల్పోయిన వారిని గురించి వ్రాశాడు. వారికి చూపు పోలేదు. ఎదుట ఉన్నది ముఖమని తెలుసు. ఎవరి ముఖమో మాత్రం తెలియదు. 1997లో అమెరికా శాస్త్రజ్ఞురాలు నాన్సీ కాన్విషర్, ఆమె సహచరులు అయస్కాంత యంత్రంతో మెదడును పరిశీలించి, ముఖాలను చూచినప్పుడు విశేషంగా చైతన్యం పొందే భాగాన్ని గుర్తించారు. మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపున, అది ఉన్నది.

గాయమేమీ లేకుండా పుట్టుకతోనే ఈ లోపం గలవారూ ఉన్నారు. ప్రసిద్ధ నాడీవైద్యుడు ఆలివర్ సాక్స్ తానూ అట్టివాడినేనని 2010లో వెల్లడించాడు. ఇట్టివారు ఎదురుపడిన పరిచితులను పలుకరించకుండా పోతే లోకం అహంకారమని నిందిస్తుంది. నిజానికి వారు నడకనూ, కంఠాన్నీ బట్టి మనుషులను పోల్చుకొంటూ ఎంతో శ్రమ పడుతుంటారు.

ఇక అక్షరం విషయానికి వద్దాం. మానవజాతి పుట్టి లక్షల ఏండ్లు గడిచాయి. వ్రాత పుట్టి సుమారు 5,000 ఏండ్లు మాత్రమే. తెలుగులో లభించిన తొలి శాసనాలు క్రీ.శ. 6వ శతాబ్దానివి. చదువు సామాన్య జనానికి అందినది నిన్న మొన్ననే. ఇంత స్వల్పకాలంలో చదవడం కోసమే ప్రకృతి మెదడులో ఒక భాగాన్ని సిద్ధం చేసి ఉండడం అసంభవం. అయినా 1892లో ఫ్రెంచి వైద్యుడు జూల్ దెజెరిన్ వర్ణించిన రోగి కథ మనలను ఆలోచింపజేస్తుంది. అతడు విద్యావంతుడు. మెదడులో రక్తప్రసారం ఆగి, హఠాత్తుగా చదివే శక్తిని కోల్పోయాడు. మాట్లాడగలడు, మనుషులను పోల్చుకోగలడు, కలం పట్టి వ్రాయగలడు. తాను వ్రాసినదానిని తానే చదువలేడు! అక్షరం ఆకారాన్ని చేతితో దిద్దితే మాత్రం అది ఏ అక్షరమో తెలిసేది. అతని మరణానంతరం పరీక్షించగా మెదడు ఎడమవైపు వెనుక భాగం దెబ్బతిన్నట్లు తేలింది.

పుట్టుకతో లేని శక్తికి నియతమైన స్థానం ఎట్లా ఏర్పడింది? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు స్తానిస్లాస్ దెహేన్ చెప్పిన సమాధానం సమంజసంగా ఉన్నది. పాత ఇంటిలోని ఒక గదిని పాఠశాలగా మార్చుకొన్నట్లు, వస్తువుల, ముఖాల ఆకారాలను పోల్చే ప్రదేశంలో కొంత భాగాన్ని మనం అభ్యాసంతో అక్షరాలకు కేటాయించుకొంటాం. ఆంగ్లమైనా, చీనా లిపి అయినా, కుడినుండి ఎడమకు సాగే హీబ్రూ అయినా చదువరుల మెదడులో ఆ గది దాదాపు ఒకే చోట, ఎడమవైపున ఉంటున్నది. లిపులు వేరైనా మనస్సు నడిచే బాట ఒక్కటే.

బాగా చదువ నేర్చినవాడు మాటను కూడా ముఖం వలెనే చూస్తాడు. లిప్తకాలం చూపిన అక్షరాలు విడివిడిగా ఉంటే కొన్ని మాత్రమే గుర్తుంటాయనీ, అవి మాటలుగా కూడి ఉంటే ఎక్కువ గుర్తించగలమనీ 1886 నాటికే జేమ్స్ కాటెల్ ప్రయోగపూర్వకంగా చూపించాడు. అయితే మాట విషయంలో సూక్ష్మభేదం కూడా ప్రాణప్రదమే. గడ్డం పెరిగినా మిత్రుడు మిత్రుడే. కాని ‘దార’కు చిన్న గీత చేరితే ‘ధార’ అవుతుంది, భార్య నీటి ప్రవాహమవుతుంది! ఉర్దూలో ‘దుఆ’ అని వ్రాసి ఒక్క చుక్క పెడితే ‘దగా’ అవుతుంది. ప్రార్థనకూ మోసానికీ నడుమ ఉన్నది ఒక్క నుక్తా.

మన కళాశాల విద్యార్థులు ఈ రెండు లిపులనూ ఎదుర్కొంటున్నారు గనుక వాటి స్వభావాన్ని కొంచెం విచారిద్దాం. తెలుగులో గుడి, కొమ్ము మొదలైన గుర్తులన్నీ కంటికి కనబడతాయి. అక్షరం చుట్టూ, ఒత్తుల రూపంలో అడుగున కూడా చూడవలసి ఉంటుంది. ఉర్దూలో బే, పే, తే, సే అనే నాలుగింటి ఆకారం ఒక్కటే. చుక్కల సంఖ్య, స్థానమే భేదం. మాటలో ఉండే చోటును బట్టి అక్షరం రూపం మారుతుంది. జబర్, జేర్, పేష్ సాధారణంగా వ్రాయరు. సందర్భాన్ని బట్టి చదువరియే పూరించుకోవాలి. హిందీ, ఉర్దూ రెండూ చదువగల వారిపై జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో, ఉర్దూ మాటను పైకి చదవడానికి హిందీ మాటకంటె ఎక్కువ కాలం పట్టినట్లు తేలింది. అది చదువరి మందబుద్ధి కాదు, లిపి కోరే శ్రమ.

ఈ దృష్టితో చూస్తే, ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి తెలుగు పుటను కూడబలుక్కొంటూ చదివితే అతనికి తెలివి తక్కువ అని తీర్పు చెప్పడం అన్యాయం. తెలుగు విద్యార్థి ఉర్దూ పంక్తిలో తడబడినా అంతే. అతని మనస్సులో గది ఉన్నది. అందులో క్రొత్త అక్షరాలకు ఇంకా చోటు కుదరలేదు. దానిని కుదిర్చేది మందలింపు కాదు, నిత్య పఠనం. కొందరికి డిస్లెక్సియా అనే పుట్టుకతో వచ్చే ఇబ్బంది కూడా ఉండవచ్చు. వారికి కావలసినది ప్రత్యేక శిక్షణ, ఓర్పు గల గురువు.

మరొక్క మాట. చదువుకు వయస్సు మించిపోయిందని మన తల్లులు, పెద్దలు అనుకొంటారు. దెహేన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాలలో జరిపి 2010లో ప్రకటించిన పరిశోధన, పెద్ద వయస్సులో చదువ నేర్చినవారి మెదడులో కూడా అక్షరాల గది ఏర్పడుతుందని తెలిపింది. అంతదూరం పోనక్కరలేదు. మన దేశంలోనే లక్నో సమీప గ్రామాలలో నిరక్షరాస్యులైన వయోజనులకు, ముఖ్యంగా స్త్రీలకు, ఆరు నెలలు దేవనాగరి నేర్పగా మెదడులో స్పష్టమైన మార్పులు కలిగినట్లు 2017లో ప్రకటించారు. అక్షరాలు వచ్చి చేరితే ముఖాలను గుర్తించే శక్తి తరుగుతుందేమోననే శంక కొందరు పండితులకు ఉండేది. ఆ ప్రాంతంలోనే జరిగి 2019లో వెలువడిన మరొక పరిశోధనలో అట్టి నష్టమేదీ కనిపించలేదు.

కాబట్టి విద్యార్థులకు మన విన్నపం ఇది: రోజూ ఒక తెలుగు పుట, ఒక ఉర్దూ పుట పైకి చదవండి. ఇంటిలో అక్షరం రాని తల్లి ఉంటే రోజుకు ఒక అరగంట ఆమె ప్రక్కన కూర్చోండి. కళాశాల కమిటీ పెద్దలు పఠన మందిరంలో రెండు భాషల పత్రికలకూ సమాన స్థానం కల్పించి, సాయంత్రం వేళ వయోజనుల తరగతికి ఒక గది కేటాయిస్తే అది గొప్ప సేవ అవుతుంది. మన ముఖాన్ని పుట్టిన నాడే పోల్చుకోవడం ప్రారంభించిన తల్లి, మన పేరును కూడా చదువగలగాలి. ఆ శక్తి ఆమె మనస్సులో ఉన్నది. మనం నేర్పడమే తరువాయి.